మాటల్లేని పుస్తకానికి రచయిత్రి

మాటల్లేని పుస్తకానికి రచయిత్రి ఎందుకని లోకం అడుగుతుంది. అడగనీ. కథ ఆమెదే: డాన్సు రాని ఎలుగుబంటి, దానికి ఓపిగ్గా అడుగులు నేర్పే బాతు. ఆ కాస్త కథకూ కట్టలకొద్దీ కాగితాలు రాసి ఇచ్చింది. ప్రచురణ సంస్థలో ఆమెను చాటుగా ‘రేడియో’ అని ఊరికే అనరు. చిన్ననాటి స్నేహితురాలైన చిత్రకారిణి వాటిని శ్రద్ధగా చదివి, చక్కగా బొమ్మలు గీసి, ఒక్క మాట మిగల్చకుండా అన్నీ తీసేసింది.

రేడియో గుండె రాయి చేసుకుంది. చివరి పేజీలో ఒక్క వాక్యం మాత్రం ఉంచమని బతిమాలింది: ‘స్నేహానికి మాటలు అక్కర్లేదు.’

“ఆ ముక్క చెప్పడానికి మళ్ళీ మాటలెందుకే?” అంది చిత్రకారిణి.

“పిల్లలకి అర్థం కావద్దూ?”

“పిల్లలకి అవుతుంది. నీకే అవదు.”

అంతే. స్నేహం గురించిన పుస్తకం అచ్చుకెళ్ళింది, స్నేహం అటకెక్కింది. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. రేడియోకి అన్నం సయించలేదు. సారీ చెబుదామని ఫోన్ తీసేది. ముందు తప్పెవరిదో తేల్చాలనిపించి పెట్టేసేది.

లైబ్రరీలో, పిల్లల గదిలో ఆవిష్కరణ. చిత్రకారిణి కిటికీ వైపు తిరిగి ముభావంగా కూర్చుంది. రేడియో పుస్తకం ఎత్తి పట్టుకుని, ఇదే సందని బొమ్మ బొమ్మకీ వ్యాఖ్యానం దంచింది. పిల్లలు వింటే కదా! ఎలుగుబంటి కాలెత్తగానే లేచారు, బాతు గిర్రున తిరగగానే తిరిగారు. చివరి పేజీకి గది గదంతా గెంతుతోంది. ఆ పేజీలో ఎలుగూ బాతూ ఆడి ఆడి అలసిపోయి, వీపుకు వీపు ఆనించి కూర్చున్నాయి. తన వాక్యం నోటితోనైనా చెప్పేద్దామని రేడియో గొంతు సవరించుకుంది.

“ఆంటీ, వీళ్ళు కొట్టుకున్నారా?” అంది ముందున్న పాప.

“ఛఛ! ప్రాణస్నేహితులు.”

“మరి ఒకళ్ళనొకళ్ళు చూసుకోరేం?”

రేడియో తలెత్తి కిటికీ వైపు తిరిగున్న స్నేహితురాలి వీపు చూసింది. పుస్తకం పాప చేతిలో పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్ళి చెయ్యి చాపింది. చిత్రకారిణి ఆ చేతిని కాసేపు అలాగే చూసి, పట్టుకుని లేచింది. పిల్లల మధ్య ఇద్దరూ అడ్డదిడ్డంగా అడుగులేశారు. ఇన్నాళ్ళూ దిగమింగుకున్నదంతా రేడియోకి ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

“తప్పు నాదేనే, నన్ను...”

“ష్!” అన్నారు పిల్లలంతా. “ఇది మాటల్లేని పుస్తకం ఆంటీ!”

రేడియో నోరు మూసుకుంది. జన్మలో అవసరమైన మాట ఇదొక్కటే, అదీ పూర్తి కానివ్వలేదని ఏడుపొచ్చింది. చిత్రకారిణి మాత్రం ఆ చెయ్యి వదల్లేదు.