పేరులోని నీరు

మాఘమాసారంభమున నొకనాఁటి ప్రత్యూషమందు, రెండేండ్లుగా మేఘుఁడు మొగము చాటుచేసిన నల్లరాళ్లపల్లె చెఱువు నడిగోతిలో మాత్రము కాసింత నీరు నిలిచి తక్కినదంతయు బీఁటలు వాఱిన బురదపెళ్లలతో ముసలి యేనుఁగు తోలువలె నెండిపడి యుండెను. హిమవన్నగమున కావలి శీతలసరస్తీరముల విడిచి చలికాలపు విడిదికై వచ్చిన, తెల్లని తలలపై నల్లని పట్టెలు గల బాతులు ఆ గోతిచుట్టును మూఁగి, నిలిచినచోట నిలువక, ఒక్క జాములోఁ బదిమాఱులు లేచి పదిమాఱులు వ్రాలుచుండెను.

తూములు తెఱచి మూసి పొలములకు నీరు పంచు నీరుగంటి గంగులప్ప కట్టపై నిలిచి వానినే చూచుచుండెను. వీధిబడిలో నాలుగేండ్లు చదివిన యా మితభాషి యక్షరములకంటె బురదలోని యడుగుజాడలను బాగుగాఁ జదువఁగలవాఁడు. ఏఁటేఁట వచ్చు నతిథులని కార్తికముననే యూరివారిని బ్రతిమాలి తూమునకు గడ్డియు బంకమన్నును దట్టించి, యొక్క మడికైనఁ దడి పాఱనీయక, ఆ నీటిని బాతులకై దాఁచినవాఁ డాతఁడే. నీటిబాతులు గదా, నీరున్నఁ జాలునని యాతని నమ్మిక. ఊరి నమ్మికయు నదియే.

కాఁపు నరసింగప్ప కట్టయెక్కి వచ్చి యెకసెక్కెముగా నిట్లనెను.

"సూడు గంగులన్నా! ముందంతా బారెడు దూరం పరిగెత్తి లేసేవి. ఇప్పుడు నిలబడినకాడే ఎట్ల ఎగురుతాండాయో! మా మళ్లు ఎండగట్టి బాగనే మేపినావులే."

"బరువుండేది పరిగెత్తి లేస్తాదప్పా. బరువు లేంది ఉన్నకాడే లేస్తాది."

అని గంగులప్ప కట్ట దిగి గోతియొడ్డున మృతమై పడియున్న యొక బాతును జేతి కెత్తుకొనెను. ఱొమ్మెముక కొడవలివాదరవలె వ్రేళ్లకుఁ దగిలెను. ముక్కు విప్పి చూడఁగా నెండుగడ్డివేరు తప్ప మఱేమియు లేదు. మంచి యేండ్లలో నీ పక్షులు వేకువను మునిమాపునను పచ్చని మళ్లలోనే మేయుచుండుటయు, నీటికి విశ్రాంతికై మాత్రమే చేరుటయు నప్పు డాతనికి స్ఫురించెను. నీట నిలుచునవే కాని నీటిని మేయునవి కావు. పేరులోని నీరు తన్ను మోసగించెను. తూము బిగించి వాని మేఁతను దానే మాడ్చెను. ఇప్పుడు తెఱచినను, పచ్చిక యెదుగులోపల పయనపుగడువు మించును. ఒడలఁ గొవ్వు లేని పక్షి యా మహాపర్వతముల నెట్లు దాటును?

క్రోశము మేర పచ్చనిది యొక్కటియే కలదు. వాఁగుచెలమ నుండి కడవలతో నీరు మోసి యాతని భార్య సుంకమ్మ పెంచిన యరయెకరము రాగిపైరు. పిట్టల నదలించుటకు వడిసెల చేతఁబట్టి యామె గట్టున నిలిచియుండెను.

"సుంకూ, తిననీ వాటిని."

"నీకేమన్నా గాలి సోకిందా? నడుం ఇరిగేట్ల మోసి పెంచినా. యాడాది సంగటి ఇది! తూము కట్టేసింది నువ్వు, ఊరి మళ్లు ఎండబెట్టింది నువ్వు. ఇంగ నా మడే దొరికిందా నీకు?"

"తప్పు నాదే. దిద్దేకి ఇది తప్ప ఇంగేం లేదు."

ఇరువదియేండ్ల కాఁపురమునఁ దప్పు తనదను మాట యామె యాతని నోట వినియెఱుఁగదు. వడిసెలను మగని చేతి కీయలేదు. నేలఁగొట్టి, పైరునకు వీఁపు చేసి కూర్చుండెను.

పదమూఁడు దినములలో బాతులు పైరును మొదళ్లదాఁక మేసెను. ఫాల్గుణమున నొక యుదయమున గుంపు వరుసగట్టి యుత్తరమునకు సాగెను. నాలుగు మాత్రము రెక్కలు విప్పి మరల ముడుచుకొని యచ్చటనే నిలిచిపోయెను.

ఆ యేఁడు వారింట సుంకమ్మ కూలికిఁ బోయి తెచ్చిన జొన్నలగటకయే. వడ్డించునపు డెల్ల నామె మగనిని దిట్టుచునే యుండెను. తిట్టుతిట్టుచునే యుత్తరపుదిక్కు చూచి చెయ్యి యాపి "దాటింటాయా?" యని యడుగును.

"తెలీదు."

"దాటింటాయిలే" యని తానే యనుకొని, మఱునాఁడు మరల నడుగును.

పోవువారు గడప దాటుట యింటివారికిఁ గనఁబడును. వారు తమ యిల్లు చేరుట కనఁబడదు. ఆ కనఁబడని దూరమంతయు నింటివారు మనసుతో నడువవలసినదే.