పెన్‌డ్రైవ్ పెళ్లిచూపులు

కంప్యూటర్ కంటే ముందు ఫ్లెక్సీ వచ్చింది. బచ్చన్నపేటలో ఏ మంచిపనైనా అట్లాగే మొదలవుతుంది మరి. నల్లకళ్లద్దాలతో గణేశ్ ఫొటో నిలువెత్తున, పక్కన 'విండోస్ 11తో అత్యాధునిక పెండ్లిపత్రికలు' అని తాటికాయలంత అక్షరాలు, అడుగున ఓ మూలకు వదిన పద్మలత పేరు. పని చేయాల్సింది వదిన. ఫొటో మాత్రం మరిదిది.

పద్మలత జనగామలో ఒక ప్రెస్సులో ఏళ్ల తరబడి పెండ్లిపత్రికలు టైపు చేసింది. అక్కడి ఓనరు నోటి దురుసు పడలేక, ఊళ్లోనే సొంతంగా షట్టరు తెరిచింది. కంప్యూటర్ మాత్రం ఏదో ఆఫీసువాళ్లు వదిలించుకున్న పాతది. అమ్మిన జోసెఫ్ ఉన్న మాటే చెప్పాడు.

"అక్కా, దీనికి విండోస్ పదకొండు మోసే తాకత్ లేదు. దాని బదులు లినక్స్ పెట్టుకో, తేలిగ్గ నడుస్తది. నీ చేతికి అలవాటైన తెలుగు కీబోర్డు కూడ అండ్ల ఏసిన" అని ఒక పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. "ముందుగాల దీని మీదికెల్లే నడిపి చూడు. నచ్చకుంటే పీకెయ్యి, మిషిన్ల ఏం మిగలది."

గణేశ్ వింటేగా! "ఫ్లెక్సీ కట్టినంక వేరేది పెడితే నా ఇజ్జత్ ఏం గావాలె వదినా?" అన్నాడు. కంప్యూటర్ వద్దు మొర్రో అంటున్నా, యూట్యూబు చూసి దొంగదారిన విండోస్ పదకొండు ఎక్కించాడు. ఎక్కడమైతే ఎక్కింది. ఆ తర్వాత తెర మీద చుక్కలు గుండ్రంగా తిరగడమే దాని పని. అత్త ఓదెమ్మ బియ్యం ఏరుకుని, చాయ్ కాచుకు తాగి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"గానుగెద్దు నయం, నూనెన్న వస్తది" అందామె.

ఆ సాయంత్రమే వెంకట్రాం పటేలు రావాలి. బిడ్డ అక్షిత పెండ్లి. నమూనా నచ్చితే పత్రికలన్నీ ఇక్కడే, నచ్చకపోతే జనగామ పాత ప్రెస్సుకే. తొలి బేరమే అక్కడికి పోతే, దాని వెనకే తనూ పోయి ఆ ఓనరు ముందు మళ్లీ చేతులు కట్టుకోవాలి. ఆ మాట తలుచుకోగానే పద్మలత సొరుగులోంచి జోసెఫ్ ఇచ్చింది బయటికి తీసింది.

పెన్‌డ్రైవ్ గుచ్చింది. మిషిన్ చటుక్కున లేచి కూర్చుంది.

"లోపల పెట్టకముందే నడిపి చూసుకోవచ్చా? నచ్చకుంటే పంపియ్యొచ్చా?" అని ఓదెమ్మ నోరు తెరిచింది.

"ఆ, అత్తమ్మా."

"నాకు గీ వసతి ఉంటే మీ మామను చేసుకుంటుంటినా?"

గడపలో బీడీ కాలుస్తున్న మామ ఐలయ్యకు పొగ గొంతులో అడ్డం పడింది.

పద్మలత వేళ్లు వాటంతటవే పరుగెత్తాయి. పైన పెండ్లివారి ఇలవేల్పు కురవి వీరన్న పేరు, కింద బంధుమిత్రుల అభినందనలతో సహా అన్నీ కుదిరాయి. ప్రింటు తీయబోయేంతలో కరెంటు పోయింది. తిరిగొచ్చేసరికి పత్రిక లేదు! ఏడుపు గొంతుతో జోసెఫ్‌కు ఫోన్ చేసింది.

"అది చూసుడు మట్టుకే అక్కా. చేసింది నిలవాలంటే లోపల పెట్టాలె. విండోస్ మొత్తం తుడిచిపెట్టుకపోతది మరి."

"అంతే గదా. చూపులు చూపులే, కాపురం కాపురమే" అంది ఓదెమ్మ.

గణేశ్ కాళ్లబేరానికి వచ్చాడు. "వద్దు వదినా! దోస్తులందరు ఫ్లెక్సీని స్టేటస్ పెట్టుకున్నరు."

పద్మలతకు ఒళ్లు మండింది. "నీకు ఫొటో కావాలె. నాకు పత్రిక కావాలె" అని మీట నొక్కేసింది. లినక్స్ లోపల కుదురుకోగానే పత్రికంతా మళ్లీ మొదటినుంచి కొట్టింది.

వెంకట్రాం వచ్చేసరికి నమూనా కాగితం ఇంకా వెచ్చగానే ఉంది. ఆయన బిడ్డ పేరు మీద వేలు పెట్టి చదివాడు. వియ్యంకుడి పేరు చదివాడు. ఎవరి పేరు ముందు, ఎవరిది వెనక అని మేనమామల వరుస రెండుసార్లు చూశాడు. పెండ్లిళ్లలో సగం అలకలు అక్కడే పుడతాయి.

"మంచిగున్నది. గిదే కొట్టు బిడ్డా."

పద్మలత కళ్లు నిండాయి. ఆనందం ఆపుకోలేక, తెర వైపు తిరిగి ఏదో సర్దుతున్నట్టు నటించింది.

వెంకట్రాం పోతూ పోతూ గడప దగ్గర తలెత్తాడు. "అవునూ, ఫ్లెక్సీల విండోస్ అని రాసినరు. లోపల తెర మీద లినక్స్ అని ఉన్నదే?"

గణేశ్ మెల్లగా షట్టరు చాటుకు జరిగాడు. ఓదెమ్మ మాత్రం ఫ్లెక్సీ మీది నల్లకళ్లద్దాల వైపు చెయ్యి చూపింది.

"గది మొదలొచ్చిన సంబంధం పటేలా. పిలగాని ఫొటో మంచిగనే ఉండె. ఇల్లు నడుపుడే చాతకాలే."