బోణీకి పెట్టిన గంట

ఆళ్లగడ్డ చర్చిలో కోత పండుగ వేలం ఇరవై రెండేళ్లుగా ఒకే వస్తువుతో మొదలవుతూ వచ్చింది. అది జీవమ్మ గంట. జానెడు ఎత్తు ఇత్తడి చేతిగంట, నల్లచెక్క పిడి, అంచున ఒకచోట చొట్ట. ఆదివారం బడికి పిల్లల్ని పిలవడానికి ఆమె వీధి వీధీ మోగించుకుంటూ తిరిగిన గంట.

ఆ వేలానికో పద్ధతుంది. ధాన్యం, శనగలు, గుమ్మడికాయలు పాడినవాళ్లు ఇంటికి తీసుకుపోతారు. కానీ ఎవరైనా తాము ప్రాణం పెట్టుకున్న వస్తువును బల్ల మీద పెడితే, ఎక్కువ పాడినవాళ్లు డబ్బు దేవుడి పెట్టెలో వేసి వస్తువును తెచ్చి సొంతదారు చేతిలోనే పెడతారు. ఏది ఎవరికి ప్రాణమో ఊళ్లో అందరికీ తెలుసు గనుక దీనికి రాతకోతలేమీ అక్కర్లేదు. జీవమ్మ గంట ఇరవై రెండు సార్లు అమ్ముడుపోయింది. ఒక్క పూట కూడా ఇంకొకరి ఇంట్లో ఉండలేదు.

2005 జూన్‌లో జీవమ్మ పోయింది. గొంతులో పుండు. చివరి నాలుగు నెలలూ మాట కూడా లేదు. కూతురు కరుణ అప్పుడు నంద్యాలలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ పాఠాలు చెబుతూ అక్కడే గది తీసుకుని ఉండేది. శనివారం సాయంత్రం బస్సెక్కి వచ్చేది, సోమవారం పొద్దున్నే పోయేది. ఉన్నంతసేపూ తల్లి మంచం పక్కనుంచి కదిలేది కాదు పాపం. తల్లి పోయిన రెండు నెలలకు ఆ బడి కూడా మూతపడింది. చేతిలో పని లేదు, మనసులో తెరిపి లేదు. గది ఖాళీ చేసి ఆళ్లగడ్డకు వచ్చేసింది.

నంద్యాల బస్టాండు దగ్గర ప్రదీప్ అనే ఆయన ఇంటర్నెట్ సెంటర్ నడిపేవాడు. ఉద్యోగాల కోసం దరఖాస్తులు పంపడానికి పోయిన కరుణకు ఆయనే చూపించాడు ఆ వేలం సైటును. పాత నాణేలు, స్టాంపులు, గడియారాలు, పట్టు చీరలు, ఎక్కడెక్కడి వాళ్లో పెడుతున్నారు, ఎక్కడెక్కడి వాళ్లో పాడుతున్నారు. కరుణ కళ్లు మెరిశాయి. ఆళ్లగడ్డలో రాతి బొమ్మలకు కొదవా? పొద్దున లేస్తే వీధిలో ఉలి చప్పుడే కదా!

"నందులు అమ్ముతావా? పాస్టరుగారు ఏమంటాడో!" అని నవ్వాడు తండ్రి యేసురత్నం. ఆయన రిటైరైన టీచరు. భార్య పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి.

"ఏనుగులు అమ్ముతా నాయనా. ఏనుగుల్ని ఎవరూ ఏమనరు."

కానీ ప్రదీప్ ఒక మెలిక చెప్పాడు. "నీ పేరు పక్కన సున్నా ఉంటాది చెల్లెలా. కొన్నోళ్లు మెచ్చుకుని మార్కు వేస్తేనే అది పెరిగేది. సున్నాను నమ్మి దుడ్లు ఎవురు పంపుతారు? నీ రాతి ఏనుగు కన్నా ముందు, చూడంగానే మనిషి ఆగిపోయే వస్తువు ఒకటి పెట్టు. పాతదయితే ఇంకా మంచిది. బోణీ కావాల."

ఆ మాటే ఇంటికొచ్చి తండ్రితో అంది. ఆయన అన్నం తింటూ అడిగాడు. "ఎట్ల జరుగుతాది ఆ వేలం?"

"ఫోటో పెడతాం నాయనా. ఎవరి ఊర్లో వాళ్లు కూర్చొని పాడతారు. ఏడు దినాలు. ఆఖర్న ఎక్కువ పాడినోళ్లది."

"మన కోత పండుగ మాదిరేనన్నమాట."

"ఆ, అంతే నాయనా. అదే మాదిరి."

చూశారా! చదువుకున్న పిల్ల, రోజంతా బస్సుల్లో తిరిగి అలసిపోయిన పిల్ల, ముసలాయనకు విడమరిచి చెప్పే ఓపిక లేక ఒక మాట అనేసింది. అదే మాదిరి అట! అంత తేలిగ్గా వచ్చిన ఆ మాటను వెనక్కి తీసుకోగలిగితే బాగుండునని తర్వాత ఎన్నిసార్లు అనుకుందో ఆమెకే తెలుసు.

యేసురత్నం చేయి కడుక్కుని లోపలికి పోయి, కిటికీ గూట్లోంచి గంట తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

కరుణ దాన్ని వెనక్కి జరిపింది. "ఇదెందుకు నాయనా? అమ్మది గదా!"

"అమ్మది కాబట్టే పెట్టమంటాండా. యా వేలమైనా దీంతోనే మొదలుపెట్టాల. దీని పాట ఎప్పుడన్నా తగ్గినాదా? మీయమ్మ చేత్తో బోణీ అయితే నీకు తిరుగుండదు."

"నిజంగా పెట్టమంటావా?"

"పెట్టమ్మా. మీయమ్మ ఉంటే తనే తెచ్చిచ్చేది."

తండ్రి తనకోసం ఇంత వదులుకుంటున్నాడని కరుణకు కళ్లు చెమర్చాయి. ఆయనేమో కూతురు తల్లి గంటతో మొదలుపెడుతోందని మురిసిపోతున్నాడు. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరు మనుషులు, ఒకరంటే ఒకరికి ప్రాణం, ఆ పూట చెరొక వేలం గురించి మాట్లాడుకున్నారు.

ప్రదీప్ తన కెమెరాతో నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. కింద వివరాలు రాయాల్సిన చోట కరుణ, 'ఇది మా అమ్మ ఇరవై రెండేళ్లు' అని మొదలుపెట్టింది.

"కథలు రాయొద్దు చెల్లెలా," అన్నాడు ప్రదీప్. "కొనేటోళ్లకు కొలతలు కావాల. ఎత్తు, బరువు, లోహం, యాడన్నా దెబ్బ ఉంటే అది. దాస్తే చెడ్డ మార్కు పడతాది."

రాసింది కాస్తా చెరిపేసి ఎత్తు రాసింది, బరువు రాసింది, చొట్ట గురించి కూడా నిజాయితీగా రాసింది. ఒక్క రూపాయితో పాట మొదలుపెట్టింది. మూడో రోజుకు నాలుగు వందలయింది. ఏడో రోజు, ఆఖరి గంటలో, ఇద్దరు పంతం పట్టి నాలుగు వేల ఆరు వందల దాకా లాక్కుపోయారు. పూనాలో ఒకాయన గెలిచాడు. డీడీ పదిరోజుల్లో వచ్చింది.

గంట నాలుక కదలకుండా గుడ్డపీలిక చుట్టింది యేసురత్నమే. వరిగడ్డి పరిచి పెట్టెలో సర్దాక, ఒక చీటీ మీద గుండ్రటి టీచరు అక్షరాలతో తన పేరు, వీధి, ఊరు తెలుగులో రాసి గంట పక్కన పెట్టాడు. పంపినవాళ్ల చిరునామా కాబోలు అనుకుంది కరుణ.

వారానికి ఆమె పేరు పక్కన సున్నా పోయి ఒకటి వచ్చింది. 'చెప్పింది చెప్పినట్టే ఉంది, చాలా మంచి అమ్మకందారు' అని పూనా ఆయన రాశాడు. ప్రదీప్ మిఠాయి తెప్పించాడు. కరుణ ఆ డబ్బుతో ఆరు రాతి ఏనుగులు కొంది. ఒకటి దారిలో తొండం విరిగింది గానీ మిగతావి బాగానే పోయాయి. ఇంకో ఆరు కొంది. పని దార్లో పడింది.

అక్టోబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం యేసురత్నం అరుగు మీద కూర్చుని అడిగాడు. "పూనా యాడుంది? శానా దూరమా?"

"రెండు దినాల ప్రయాణం నాయనా. ఎందుకు?"

"ఏం లేదు. ఆయప్ప గంట ఇంకా పంపలేదే అని. పోస్టు కష్టమేమోలే."

కరుణకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో ఉన్న ఏనుగును మెల్లగా కింద పెట్టింది.

"అది లేకపోతే ఇల్లు మూగపోయినట్టుంది," అంటున్నాడాయన. "మీయమ్మకు మాట పోయినాక దాంతోనే గదా నన్ను పిలిచేది. నీళ్లకు ఒక దెబ్బ, లేపి కూర్చోపెట్టమని రెండు. ఏమీ వద్దు, ఊరికే వచ్చి పక్కన కూర్చోమంటే మూడు. ఆదివారాల్లో నువ్వుంటావు గాబట్టి మోగించేది కాదు. ఆఖరి దినం మూడు కొట్టింది."

కరుణ నోరు తెరిచింది. 'అది రాదు నాయనా' అనే మూడు మాటలు చాలు. కానీ బయటికొచ్చింది వేరే.

"వస్తాదిలే నాయనా."

మర్నాడే నంద్యాలకు పరుగెత్తి, ప్రదీప్ సెంటర్‌లో కూర్చుని పూనా ఆయనకు ఈమెయిలు రాసింది. మా అమ్మది, పొరపాటయింది, మీరిచ్చిన డబ్బు ఇస్తాను, ఇంకా ఎక్కువైనా ఇస్తాను, దయచేసి పంపండి. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మర్యాదస్తుడే. ముందే తెలిసుంటే అట్టిపెట్టేవాణ్ణన్నాడు. ఆ గంటను బయటి దేశంలో గంటలు పోగుచేసే ఒకరికి అమ్మేశానని, వాళ్ల వివరాలు తన దగ్గర లేవని, పెట్టెలో ఉన్న చీటీ చదవడం ఎవరికీ రాలేదని రాశాడు.

కరుణ కంప్యూటర్ ముందు కుర్చీలోనే కూర్చుని ఏడ్చింది. ప్రదీప్ ఆ పూట ఆమె దగ్గర డబ్బు తీసుకోలేదు.

తండ్రికి చెప్పాలి. ఇవాళ చెప్తా, రేపు చెప్తా. రోజూ పదకొండింటికి పోస్టుమాన్ వీధి మలుపు తిరిగేసరికి యేసురత్నం చొక్కా తొడుక్కుని అరుగు మీద ఉండేవాడు. కిటికీ గూడు తుడిచి ఖాళీగా ఉంచేవాడు, అక్కడ మందు సీసా పెడితే కూడా ఊరుకునేవాడు కాదు. ఆ గూడు చూసినప్పుడల్లా కరుణ ఏదో పని పెట్టుకుని లోపలికి పోయేది. అలా క్రిస్మస్ వెళ్లింది, జనవరి వెళ్లింది.

ఫిబ్రవరిలో కోత పండుగ వచ్చింది. చర్చి ఆవరణలో షామియానా, బల్ల మీద శనగలు, జొన్న కంకులు, గుమ్మడికాయలు, కృపమ్మది కాళ్లు కట్టేసిన కోడిపుంజు. పాట నడిపించేది ఎప్పటిలాగే పరంజ్యోతి, శనగల వ్యాపారి. ఆయన గొంతుకు మైకు దండగ.

"మొదటి పాట!" అని కేకేసి, ఇరవై రెండేళ్ల అలవాటున బల్ల మీదికి చేయి చాపాడు. "జీవమ్మక్క గంట..."

చేతికి ఏమీ తగల్లేదు. యేసురత్నం లేచి నిలబడ్డాడు.

"గంట పూనాలో ఉందప్పా. మా కరుణ వేలంలో ఒకాయన పాడినాడు. దోవలో ఉంటాది. వస్తాది."

పరంజ్యోతి ఒక్క క్షణం తడబడి, సర్దుకున్నాడు. "వస్తే వస్తాది, మనం పాట ఆపుతామా? జీవమ్మక్క పేరు మింద పాడండయ్యా!"

ఎవరో వంద అన్నారు. రెండు వందలు. దేవదానం మేస్త్రి వెయ్యి అన్నాడు. లేని గంటకు జనం ప్రేమతో పాడుతున్నారు. ఒక్కొక్క పాటకూ యేసురత్నం ముఖం విప్పారుతోంది. కరుణ ఇక కూర్చోలేకపోయింది.

"నాలుగు వేల ఆరు నూర్లు," అంది లేచి.

"ఒకటోసారి... రెండోసారి... మూడోసారి!" పరంజ్యోతి బల్ల చరిచాడు. "కరుణమ్మదే పాట!"

కరుణ సంచిలోంచి డబ్బు తీసి దేవుడి పెట్టెలో వేసింది. ఇక వస్తువును సొంతదారు చేతిలో పెట్టాలి. పద్ధతి అది. వరసల మధ్యనుంచి నడిచి తండ్రి ముందు నిలబడింది. ఏటా జీవమ్మ పట్టినట్టే ఆయన రెండు చేతులూ చాపాడు, నవ్వుతూ.

"అది రాదు నాయనా," అంది కరుణ, తన ఖాళీ చేతులు ఆయన ముందు చాపి. "ఆ వేలంలో తిరిగియ్యరు. వేరే దేశం పోయింది. నాకు అప్పుడే తెలుసు. నీకు చెప్పలేకపోయినా."

ఆయన చేతులు అలాగే ఉన్నాయి. నవ్వు మాత్రం కొంచెం కొంచెంగా తగ్గింది.

"ఎవరిదని అడగలేదా ఆయప్ప?"

"అడగలేదు నాయనా. నేనూ రాయలేదు. ఎత్తు రాసినా, బరువు రాసినా."

యేసురత్నం ఆమె చేతుల వైపు చూశాడు. తర్వాత వాటిని పట్టుకుని కిందికి దించి, తన పక్కన కుర్చీలో ఆమెను కూర్చోబెట్టాడు.

"ఇంక మిగతావి పాడు పరంజ్యోతీ," అన్నాడు. "జనం కాసుకోనుండారు."

తర్వాత వచ్చింది కృపమ్మ కోడిపుంజు. ఆమె దాన్ని పిల్లగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకుని పెంచిందని అందరికీ తెలుసు. ఏడు వందల దాకా పాడిన దేవదానం మేస్త్రి, కాళ్ల కట్లు విప్పి, పుంజును తీసుకుపోయి కృపమ్మ ఒళ్లోనే పెట్టాడు.