బినీష్ అనేవాడు ఇక్కడ లేడు

త్రిశూర్‌లోని ఆ ఆడపిల్లల కాలేజీలో కంప్యూటర్లన్నీ బినీష్ చేతిలో ఉంటే, ఆఫీసు ఫోన్ తంకమణి చేతిలో ఉంది. వయసులో పెద్దదని ఆవిడని అందరూ చేచీ, అంటే అక్కా, అంటారు.

పోయిన నెల బినీష్ సిబ్బందినందరినీ కూర్చోబెట్టి గంటన్నర ఊదరగొట్టాడు. ముక్కూమొహం తెలియనివాళ్లు ఫోన్ చేసి, ఫలానా మనిషి అక్కడ పనిచేస్తాడా అని అడిగితే నోరు మెదపొద్దన్నాడు. ఆ నియమాలు కాగితం మీద అచ్చువేసి పంచాడు కూడా. తంకమణి దాన్ని ఫోన్ పక్కనే అతికించుకుంది.

ఇవాళ పన్నెండింటికి వెబ్‌సైట్లో అడ్మిషన్ దరఖాస్తులు మొదలవ్వాలి. భద్రతా సర్టిఫికెట్ పెట్టకపోతే, చూసేవాళ్లకి 'ఈ సైటు సురక్షితం కాదు' అని వస్తుంది. అదే జరిగితే సైటుని బయటి కంపెనీకి ఇచ్చేస్తానని ప్రిన్సిపాల్ సిస్టర్ మొహమ్మీదే చెప్పేసింది. ఎనిమిదేళ్లు కంటికి రెప్పలా చూసుకున్న సైటు! పాపం, బినీష్‌కి రెండు రోజులుగా ముద్ద దిగడం లేదు.

పదింటికి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి మెయిల్ వచ్చింది. సర్టిఫికెట్ అడిగిన మనిషి నిజంగా అక్కడ పనిచేస్తున్నాడో లేదో కనుక్కుందామని మీ కాలేజీకి మూడుసార్లు ఫోన్ చేశాం, బినీష్ అనేవాడు అక్కడ లేడన్నారు, అని.

బినీష్ మెట్లు రెండేసి చొప్పున దిగాడు. "చేచీ! నేను లేనన్నారా?"

"రెండుసార్లు ఫోన్ పెట్టేశాను సారూ. మూడోసారీ వదలకపోతే లేడు పొమ్మన్నాను."

"కొంప ముంచారు కదండీ!"

"నేనా? ఈ కాగితం కింద సంతకం ఎవరిదో చదవండి."

బతిమాలగా బతిమాలగా, నాలుగో ఫోన్‌కి తంకమణి మెత్తబడింది. మెత్తబడిందంటే ఎంత? "మీరెవరో నాకేం తెలుసు? మీకు హామీ ఎవరు?" అని అవతలామెని నిలదీసింది. ఆ సంస్థ నంబరు తనే వెతికి, తిరిగి ఫోన్ చేసి, అప్పుడు ఒప్పుకుంది బినీష్ ఉన్నాడని. పక్కనే నిలబడి గోళ్లు కొరుక్కుంటున్నాడు ఉన్న బినీష్.

పదకొండున్నరకి సర్టిఫికెట్ వచ్చింది. రెండు ఫైళ్లు. ఒకటి కాలేజీది, రెండోది, దానిమీద సంతకం పెట్టిన సంస్థకి అంతకంటే పెద్ద సంస్థ ఇచ్చిన హామీ. కంగారులో మొదటిదొక్కటే సర్వర్లో పెట్టాడు. తన కంప్యూటర్లో సైటు నిక్షేపంగా తెరుచుకుంది. కాలరెగరేస్తూ కిందికొచ్చాడు.

తంకమణి తన ఫోన్ చూపించింది. 'సురక్షితం కాదు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినవాళ్లెవరో తెలియదు.'

"మీ ఫోన్ ముసలిదైపోయింది చేచీ."

"దరఖాస్తు పెట్టే పిల్లల ఇళ్లలో ఇంతకంటే ముసలివి ఉంటాయి. సంతకం పెట్టినవాళ్లకి హామీ ఎవరని అడుగుతోందేమో! పొద్దున నేనూ అదే అడిగానుగా."

బినీష్‌కి అప్పుడు గుర్తొచ్చింది, రెండో ఫైలు పెట్టనేలేదని. తన కంప్యూటర్‌కి ఆ సంస్థ ముందే తెలుసు కాబట్టి అడగలేదు. మళ్లీ మెట్లెక్కాడు, రెండో ఫైలూ పెట్టాడు. పన్నెండుకి నాలుగు నిమిషాలుందనగా ముసలి ఫోన్లో సైటు తెరుచుకుంది. అమ్మయ్య అంటూ వచ్చి తంకమణి ఎదుటి బల్ల మీద కూలబడ్డాడు.

ఫోన్ మోగింది. ఆవిడ ఎత్తి, విని, రిసీవర్‌ని చేత్తో మూసింది.

"ప్రిన్సిపాల్ సిస్టర్. సైటు చూశారట, బినీష్ ఉన్నాడా అంటున్నారు. ఏం చెప్పమంటారు సారూ, ఉన్నారా?"