పాత ఈ-రీడరులో దెలియా

హారో పేటలో ఒక రొట్టెల దుకాణం పైన మా ఆఫీసు. పాత పుస్తకాలను ఫోన్లలోనూ ఈ-రీడర్లలోనూ చదువుకునేలా మార్చి ఇవ్వడం మా పని. మార్చేది యంత్రమే. అది చేసిన కంగాళీని చక్కబెట్టడం మాత్రం మనుషుల వంతు. పేజీ అంకెలు వాక్యం నడుమకు వచ్చి కూర్చుంటాయి. సగానికి విరిగిన మాటలు రెండు పంక్తుల్లో చెరోవైపు పడి ఉంటాయి. ఇలాంటివి ఏరడంలో నా పక్క బల్ల దగ్గర కూర్చునే రొడోరాకు ఉన్న ఓపిక ఇంకెవరికీ లేదు.

లోలా పురింగ్, అంటే పురింగ్ అవ్వ, వానాకాలం మొదట్లో మా మెట్లెక్కి వచ్చింది. ఊళ్ళోనే మోలో పేటలో ఒంటరిగా ఉండే ముసలావిడ. భర్త అన్సెల్మో పల్మారెస్ బడిపంతులుగా చేస్తూ, చెరకు కోత కూలీల మీద ఒక నవల రాసి ఎప్పుడో అచ్చు వేయించాడట. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన కంప్యూటరులో మిగిలిన నవల ఫైలును ఆవిడ రొడోరా చేతిలో పెట్టింది, తను చదువుకోవడానికి ఒకటి, అమ్మకానికి ఒకటి చేయమని.

"చూపు ఆనడం లేదు ఇందాయ్," అంది, మా వైపు ఆడపిల్లను ముద్దుగా పిలిచే మాటతో. "అక్షరాలు గుమ్మడికాయలంత చేసిపెట్టు."

"అంతంత చేస్తే పేజీకి ఒక్కటే పడుతుంది లోలా," అంది రొడోరా నవ్వుతూ.

"పడనీ. బతికున్నప్పుడు ఆయన మాట్లాడిందీ అంతేగా, రోజుకొక అక్షరం!"

రొడోరా శ్రద్ధగా పనిచేసి, లోలా ఈ-రీడరులోకి పుస్తకం పంపింది. ఆ ఈ-రీడరు సౌదీలో నర్సుగా ఉన్న మేనకోడలు వాడి వదిలేసిన పాతది. వారం తిరక్కుండానే లోలా ఫోను చేసింది.

"ఇందాయ్, నా మొగుడు పుస్తకంలో లేని మాటలు రాస్తున్నాడే."

"ఏం రాస్తున్నారు లోలా?"

ఆవిడ ఫోను పెట్టేసింది.

రొడోరా తన ఫోనులో పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిప్పింది. కంప్యూటరులోనూ చూసింది. అచ్చులో ఉన్నదే ఉంది. "ముసలావిడ కలగంటోంది. లేకపోతే నీకు దయ్యం పుస్తకం తగిలింది," అన్నాను నేను. ఆమె ఫైలును మళ్ళీ మార్చి, మళ్ళీ పంపింది.

లోలా రెండోసారి ఫోను చేసింది. "నువ్వు రా. నాకు మతి పోయిందో లేదో నువ్వే చూసి చెప్పు."

మధ్యాహ్నం ఇద్దరం జీప్నీ బండి ఎక్కి మోలో వెళ్ళాం. కరెంటు పోయి ఉంది, బయట వాన. ముందుగదిలో కిటికీలు మూసి ఉండటంతో ఈ-రీడరు వెలుగు ఒక్కటే లోలా గడ్డం మీద పడుతోంది. ఆవిడ దాన్ని రొడోరాకు అందించింది. ఆమె భుజం మీదుగా నేనూ చూశాను. మూడో అధ్యాయం ముగిశాక, మేమెన్నడూ చూడని పంక్తులు ఉన్నాయి.

'దెలియా, ఈ వేళ వాన. మీ అమ్మ నీ చెప్పులు తుడిచి మళ్ళీ గడప దగ్గరే పెట్టింది. నేను చూడనట్టు నటించాను.'

 తల తిప్పి గడప వైపు చూడటానికి ధైర్యం చాలలేదు.

"దెలియా ఎవరు లోలా?" రొడోరా మెల్లగా అడిగింది.

"మా అమ్మాయి. గిమరాస్ దీవి నుంచి వస్తుంటే పడవ బోల్తా పడింది. మిగతావాళ్ళంతా దొరికారు, అది దొరకలేదు." లోలా చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "ఆ రోజు తర్వాత ఈయన దాని పేరెత్తలేదు. ఒక్కసారి కూడా. నేను ఏడుస్తుంటే లేచి బయటికి పోయేవాడు. రాయిరా ఈ మనిషి అనుకున్నాను. పాడె మీద ఉన్నప్పుడు కూడా ఆయన మీద కోపం పోలేదు, తోతో."

'తోతో' అని మగపిల్లలను పిలుస్తారు; ఆ చివరి మాట నాతో అంది. 

రొడోరా సంచిలోంచి తన కంప్యూటరు తీసి, పంతులుగారి అసలు ఫైలు తెరిచి, అక్షరాల వెనక యంత్రానికి మాత్రమే కనిపించే గుర్తులన్నీ ఒక్కొక్కటే వెతికింది. విషయం బయటపడింది. ఆయన ప్రతి అధ్యాయం చివరా కొన్ని పంక్తులు రాసి, అవి తెర మీద కనపడకూడదని గుర్తు పెట్టాడు. పుస్తకం అచ్చయిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి రాస్తూ వచ్చాడు. ఫోన్లు, కొత్త యంత్రాలు ఆ గుర్తును మన్నించి పంక్తులను దాచేశాయి. ఈ పాత ఈ-రీడరుకు ఆ గుర్తు అర్థం కాలేదు. ఉన్నదంతా చూపించేసింది.

"అంటే దయ్యం కాదు," అన్నాను, ఊపిరి వదులుతూ.

"ఎవరన్నారు కాదని?" లోలా కసిరింది. వెంటనే ఆవిడ ముఖం ముడుచుకుపోయింది. "నాతో చెప్పలేకపోయాడా? పక్కగదిలోనే ఉన్నానుగా! ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా, దొంగ సచ్చినోడు!"

రొడోరా ఆవిడ కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది. "ఇవి తీసెయ్యమంటారా లోలా?" అని అడిగింది.

"అమ్మకానికి పెట్టే దాంట్లో తీసెయ్. అది ఊరందరి పుస్తకం. నా దాంట్లో చెయ్యి పెట్టావంటే ఊరుకోను."

వెళ్ళేముందు మాకు కొబ్బరాకులో చుట్టి వండిన ఇబోస్ అన్నం, మామిడిపండు పెట్టింది. రొడోరా కొబ్బరాకు చుట్ట విప్పి, సగం లోలా చేతిలో పెట్టింది.

అమ్మకపు పుస్తకం నుంచి ఆ పంక్తులు తీసేయడానికి ఆమెకు చాలా రోజులు పట్టింది. ఒక్కొక్కటీ చదివి, ఆగి, కిటికీలోంచి చూసి, అప్పుడు తుడిచేది. "పిల్ల పేరు ఇన్నిసార్లు నా చేత్తో చెరపాల్సి వస్తోంది," అంది ఒకసారి. ఆ తర్వాత ఎవరి పుస్తకం వచ్చినా, ముందు దాచిన మాటలున్నాయేమోనని వెతకడం ఆమెకు అలవాటైపోయింది. ఏమీ లేకపోతే తేలిగ్గా ఊపిరి పీల్చుకునేది.

డిసెంబరులో లోలా మళ్ళీ ఫోను చేసింది. గొంతు హుషారుగా ఉంది. రొడోరా నాకూ వినపడేలా పెట్టింది.

"ఇందాయ్, నిన్న రాసింది విను. 'పురింగ్, అమ్మాయి ఒడ్డుకు చేరింది. జుట్టు ఇంకా తడిగానే ఉంది. అన్నం అడుగుతోంది.' మొదటిసారి నా పేరు పెట్టి రాశాడే!"

రొడోరా నా వైపు చూసింది. అసలు ఫైలు తెరిచి, పురింగ్ అన్న మాట కోసం వెతికించింది. ఎక్కడా లేదు. ఒడ్డు కోసం వెతికించింది. అదీ లేదు. తెర మీద, దొరికినవి చూపించే గడి ఖాళీగా మెరుస్తోంది.

"ఉన్నావా ఇందాయ్?"

"ఉన్నాను లోలా." రొడోరా కంప్యూటరు మూత నెమ్మదిగా దించింది. "చదవండి. తర్వాత ఏం రాశారు?"