అమ్మ వాటా, నాన్న వాటా

జన్యువుల డాక్టరమ్మ ఫోన్‌లో మాట పూర్తిచేయకముందే మా ఆయన నన్ను గిర్రున ఒక చుట్టు తిప్పేశారు. కొత్తగా పెళ్లయినవాళ్లం కదా, అది ఆస్పత్రి నడవా అన్న సంగతి ఇద్దరికీ గుర్తులేదు. మా ఆడపడుచుకు పుట్టిన పసిపాప జబ్బుకు కారణమైన జన్యువు దొరికింది! అనుమానంతో ముందే మొదలుపెట్టిన విటమిన్లు సరిగ్గా ఆ రకానికి పనిచేసేవేనట.

పాప తల్లి, మా వదిన మాత్రం నవ్వలేదు. కణాలకు శక్తినిచ్చే మైటోకాండ్రియా తల్లి నుంచే వస్తాయని ఎక్కడో చదివి, జబ్బు తన వల్లేనని తేల్చేసుకుంది. ఆ లోపం తన పాలలోనూ ఉంటుందని భయపడి, పిండిన పాలన్నీ పారబోస్తోంది.

నేను స్పీకర్ నొక్కి ఫోన్ ఆమె దగ్గర పెట్టాను.

"మైటోకాండ్రియాకు కావలసిన జన్యువులు చాలావరకు కణ కేంద్రకంలోనే ఉంటాయమ్మా. ఈ లోపం అక్కడిది. లోపమున్న జన్యువులు మీ నుంచి ఒకటి, మీవారి నుంచి ఒకటి వచ్చాయి. పాలతో దీనికి సంబంధమే లేదు" అన్నారు డాక్టరమ్మ.

వదిన మెల్లగా భర్త వైపు తిరిగింది. "అయితే ఇందులో మీ వాటా కూడా ఉందన్నమాట!"

"పాపలో నావి చెవులు మాత్రమే అన్నావుగా, ఇప్పుడేమంటావ్?" అన్నాడు ఆమె భర్త.

వదిన పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకు నాకు ఎగిరి గంతేయాలనిపించింది.

"రేపు పొద్దున పాప ముక్కులో పెట్టిన పాలగొట్టం తీసేస్తారటగా," అంది కళ్లు తుడుచుకుంటూ. "సీసా ఎవరూ తేవొద్దు. పాలు నేనే ఇస్తాను."