రాకముందే రాసిన షీటు

పత్తికి తెల్లదోమ పట్టిన ఏడాది, ఎనభై ఏడులో, మా వార్డులో మంచానికిద్దరు పడుకునేవాళ్లు. చాలామంది పురుగుమందు తాగినవాళ్లే. రాసి రాసి చెయ్యి నొప్పి పుట్టి, హౌస్ సర్జన్లం ఖాళీ కేసు షీట్ల మీద 'పురుగుమందు తాగాడు' అని ముందే రాసి పెట్టుకునేవాళ్లం. మనిషి వచ్చాక పేరు, వయసు ఎక్కించడమే. ఆ తెలివి నాదే. గొప్పగా చెప్పుకునేదాన్ని కూడా.

పర్చూరు వైపు నుంచి రాత్రి తెచ్చిన పిచ్చయ్య తెల్లవారుతూనే పోయాడు. అతని షీటులో పేరు, వయసు ఎక్కించింది నేనే. పదింటికి ప్రొఫెసర్ సంజీవరావు గారు మమ్మల్ని వార్డులో నిలబెట్టి, షీటు ఎలా రాయాలో, కోర్టులో ప్లీడరు ఒక్కో మాట పట్టుకుని ఎలా గుచ్చుతాడో చెబుతున్నారు. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. వరండాలోంచి పిచ్చయ్య భార్య ఎలీసమ్మ నన్నే చూస్తోంది. చివరికి లోపలికే వచ్చేసింది.

"ఆయన తాగలేదమ్మా. చేలో మందు కొడతంటే డబ్బా కారి వీపంతా తడిసింది. పోలీసాయన మీ కాయితం చూసి తాగాడని రాసుకున్నాడు. తాగి చచ్చినోడికి సమాధుల్లో చోటు లేదంటన్నారు మా చర్చి సంఘపెద్దలు."

సిస్టర్ ప్రేమమ్మ నెమ్మదిగా అంది: "వీపు నేనే కడిగానండి, బొబ్బలెక్కి ఉంది. కడుపు కడిగితే తేట నీళ్లే వచ్చాయి. నా రిజిస్టర్లో రాశాను."

నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు. "చింపేసి కొత్తది రాస్తాను సార్."

"చింపితే నిన్ను జైల్లో పెడతారు, ఈవిణ్ణి ఎవరూ నమ్మరు," అన్నారు సంజీవరావు గారు. "పాత మాట కనబడేలా ఒక్క గీత కొట్టు. పక్కన నిజం రాయి. ఎందుకు మార్చావో రాయి. తేదీ, టైము, సంతకం."

"అట్లా రాస్తే నేను డాక్టర్ని కాకుండా పోతానేమో సార్."

"పోవచ్చు."

ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు. అబద్ధమైనా ఒక్క ధైర్యపు మాట చెప్పొచ్చు కదా! పెన్ను తీశాను. పాత మాట మీద ఒక్క గీత కొట్టి, పక్కన రాసి సంతకం పెట్టాను.

ఎలీసమ్మ తెలుగులో చదివి చెప్పమంది. చదివాను. "మందు వీపు మీద కారింది. కడుపులో లేదు. మొదటి మాట రోగి రాకముందే రాసి ఉంచాను. అతణ్ణి గానీ భార్యని గానీ అడగలేదు."

అప్పటిదాకా తల ఊపుతున్న మనిషి ఆగిపోయింది.

"తెచ్చినకాడ్నించీ మంచం పక్కనే ఉన్నా గదమ్మా," అంది.